విదేశీయుడన్న ఒక్క మాట మీద కౌంటర్ వేయకండి
దక్షిణ తెలంగాణ జిల్లాల ప్రాసిక్యూటర్లకు, సైబర్ కేసుల దర్యాప్తు అధికారులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన పీపీలకు, ఏపీపీలకు, దర్యాప్తు అధికారులకు నమస్కారం.

నేను నల్లగొండలో ప్రాక్టీసు చేస్తున్న న్యాయవాదిని. బాధితురాలి తరఫున మీ పక్కన నిలబడ్డాను. లీగల్ ఎయిడ్ వాళ్లు కేటాయిస్తే నిందితుడి తరఫున మీకు ఎదురుగానూ నిలబడ్డాను. రెండు వైపుల నుంచీ చూసిన ఒక సంగతి మీతో నేరుగా మాట్లాడాలనిపించి ఈ లేఖ రాస్తున్నాను. ఇందులో ఏ స్టేషన్ పేరూ, ఏ కోర్టు పేరూ, ఎవరి పేరూ పెట్టను. ఎవరినో దోషిగా నిలబెట్టాలని రాయడం లేదు. పని తీరు మారాలని రాస్తున్నాను.

ఆన్‌లైన్ బ్లాక్‌మెయిల్, ఫోర్జరీ కేసులో నిందితుడు విదేశీయుడైతే, అతని బెయిల్ పిటిషన్‌కు ప్రాసిక్యూషన్ వేసే కౌంటర్, అంటే వ్యతిరేక జవాబు, చదవకముందే అందులో ఏముంటుందో చెప్పేయొచ్చు. "నిందితుడు విదేశీ జాతీయుడు. బెయిల్ ఇస్తే దేశం విడిచి పారిపోతాడు. సాక్షులను బెదిరిస్తాడు. కావున పిటిషన్ కొట్టివేయవలెనని ప్రార్థన." అక్కడికి సరి. పాస్‌పోర్టు ఎవరి దగ్గరుంది, వీసా గడువు ఎప్పటిదాకా ఉంది, సీజ్ చేసిన ఫోన్ రెడ్‌హిల్స్ ఫోరెన్సిక్ ల్యాబ్‌కు వెళ్లిందా, ఇంకా స్టేషన్ బీరువాలోనే ఉందా, బాధితురాలి ఫొటోలు ఇంకెక్కడెక్కడ దాచి ఉన్నాయి అన్నవాటి మీద ఒక్క వాక్యం కనపడదు. మొదటిసారి పిటిషన్ కొట్టేస్తారు. రెండోసారీ కొట్టేస్తారు. అందరూ ఊపిరి పీల్చుకుంటారు. అరవై రోజుల్లో ఛార్జిషీటు పడదు, ఆ గడువు దాటగానే అతను హక్కుగా వచ్చే మాండేటరీ బెయిల్ మీద బయటికి నడిచి వస్తాడు. అప్పుడు ఆపే అధికారం జడ్జి గారికి కూడా లేదు.

ఒక కేసు చెప్తాను. వివరాలు గుర్తుపట్టేలా రాయను. ఆమె మన జిల్లాలోనే ఒక మండల కేంద్రంలో మగ్గం వర్క్ చేసుకుంటూ ఇద్దరు పిల్లల్ని చదివించుకుంటోంది. తను కుట్టిన బ్లౌజుల ఫొటోలు ఇన్‌స్టాగ్రామ్‌లో పెడితే, విదేశంలో బట్టల వ్యాపారమని ఒకాయన పరిచయం అయ్యాడు. ఆర్డర్ల మాట స్నేహం మాటల్లోకి వెళ్లింది. కొన్నాళ్లకు కానుకల పార్సిల్ పంపానన్నాడు. అది ఢిల్లీ విమానాశ్రయంలో ఆగిందని కస్టమ్స్ పేరుతో ఒక ఉత్తరం వచ్చింది. డబ్బు కట్టింది. ఇంకా కట్టమన్నారు, కట్టింది. ఇక నా దగ్గర లేవు అన్ననాడు వీడియో కాల్‌లో పట్టుకున్న ఆమె ఫొటోలు బయటికి తీశాడు. ఆ పైన కోర్టు నోటీసు పంపాడు, ఆమె మీద మనీ లాండరింగ్ కేసు నమోదైందని.

ఆ నోటీసు ప్రింటు తీయించుకుని నా దగ్గరికి తెచ్చింది. నాలుగు మడతలు పెట్టి పర్సులో దాచి దాచి మడతల దగ్గర చిరిగిపోయింది. పైన మూడు సింహాల బొమ్మ, కింద గుండ్రటి ముద్ర, పక్కన ఆకుపచ్చ సంతకం. మొదటి చూపుకి అసలుదే అనిపిస్తుంది. తేదీ మాత్రం 2025ది, సెక్షన్లేమో ఐపీసీవి. 2024 జూలై 1 నుంచి జరిగిన నేరాలకు ఐపీసీ లేదు, భారతీయ న్యాయ సంహిత వచ్చింది కదా. లా చదివినవాళ్లు అర నిమిషంలో పట్టుకునే తప్పు అది. సూది దారం పట్టుకుని బతికే ఆమెకు ఎట్లా తెలుస్తుంది? ఆ కాగితం చూసి రాత్రిళ్లు నిద్రపోలేదు, చెవి కమ్మలు అమ్మేసింది.

ఆమె ధైర్యం చేసి సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసింది, కేసు నమోదైంది, హైదరాబాద్ శివారులో అద్దె ఫ్లాట్‌లో ఒకతన్ని పట్టుకున్నారు. ఇక్కడిదాకా పోలీసులు చేసిన పనికి నేను చేతులెత్తి దండం పెడతాను. వందల ఫోన్ నంబర్ల మధ్య నుంచి ఒక మనిషిని పట్టుకోవడం చిన్న విషయం కాదు. ఆ తర్వాతే అంతా చల్లబడింది. కస్టమ్స్ ఉత్తరం, కోర్టు నోటీసు రెండూ ఫోర్జరీలే అయినా, కోర్టు రికార్డును ఫోర్జరీ చేస్తే వర్తించే న్యాయ సంహిత 337 సెక్షన్ ఎఫ్‌ఐఆర్‌లో లేదు. తర్వాత కూడా ఎవరూ చేర్చలేదు. ఫోన్ చాలా ఆలస్యంగా ల్యాబ్‌కు వెళ్లింది. ఛార్జిషీటు వేళకు పడలేదు. అతనికి బెయిల్ వచ్చింది.

అది ఆమెకు ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. ఒక కొత్త నంబరు నుంచి ఆమె కూతురు చదివే బడి పేరు ఒక్కటే మెసేజ్‌గా వచ్చింది. ఇంకేమీ లేదు, బడి పేరు మాత్రమే. అప్పుడు నాకు ఫోన్ చేసి, "మేడం, ఆయన బయటికొచ్చిండని నాకెందుకు చెప్పలే? నేను కేసు పెట్టినదాన్నే గదా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. మీలో ఎవరి దగ్గరైనా ఉంటే ఆమెకు చెప్పండి.

ఆర్డర్ కాపీ తెప్పించి చూశాను. ఆమెతో గానీ ఆమె కుటుంబంతో గానీ ఏ రూపంలోనూ సంప్రదించకూడదన్న షరతు అందులో లేదు. మాండేటరీ బెయిల్‌కు కూడా ఇలాంటి షరతులు పెట్టొచ్చు. పెట్టమని అడిగినవాళ్లు లేరు, అంతే.

ఇందులో చట్టం లోటు ఎంత ఉందో, మన లోటు ఎంత ఉందో చూద్దాం. మహిళల మీద జరిగిన నేరాల్లో బెయిల్ మంజూరైతే ఫిర్యాదుదారుకు వెంటనే చెప్పాలని, ఆర్డర్ ప్రతిని రెండు రోజుల్లో ఇవ్వాలని సుప్రీంకోర్టు 2021 మార్చి 18న అపర్ణ భట్ కేసులో చెప్పింది. నిందితుడికీ బాధితురాలికీ మధ్య సంబంధం ఏర్పడేలా షరతులు ఉండకూడదని కూడా అదే తీర్పు. బెయిల్ దశలో సహా ప్రతి దశలోనూ బాధితుల మాట వినాలని 2022 ఏప్రిల్‌లో లఖీంపూర్ ఖేరీ కేసులో తేల్చింది. దర్యాప్తు ఎక్కడిదాకా వచ్చిందో 90 రోజుల్లోపు బాధితులకు తెలపాలని కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టమైన బీఎన్‌ఎస్‌ఎస్ 193వ సెక్షన్‌లోనే రాసి ఉంది, ఫోన్‌లో చెప్పినా సరిపోతుందని వెసులుబాటు కూడా ఇచ్చింది. ఒక్క వాట్సాప్ మెసేజ్ పని అది. స్టేషన్‌లో రాసే మనిషి లేడనో, ఎలక్షన్ డ్యూటీ అనో, బందోబస్తు అనో నాకు చెప్తుంటారు. ఆ కష్టం అబద్ధమని నేను అనను. ఒక్కో ఇన్‌స్పెక్టర్ మీద ఎన్ని ఫైళ్లు పడుతున్నాయో నాకు తెలుసు. ఐటీ చట్టం కేసుల దర్యాప్తు ఇన్‌స్పెక్టర్ స్థాయికి తగ్గకూడదని 78వ సెక్షన్ అంటుంది కాబట్టి ఎస్సైకి అప్పజెప్పి ఊరుకునే వీలూ లేదు. అయినా ఆ మెసేజ్ పంపాల్సిందే.

రెండో వైపు కూడా చెప్పాలి. అది చెప్పకపోతే ఈ లేఖ సగమే అవుతుంది.

లీగల్ ఎయిడ్ తరఫున నాకు వచ్చిన ఒక కేసులో నిందితుడు చదువుకోవడానికి వచ్చిన ఆఫ్రికా కుర్రాడు. అతని పేరు మీదున్న బ్యాంకు ఖాతాలోకి డబ్బు పడింది. ఖాతా, సిమ్ రెండూ తెలిసినతను వాడుకున్నాడని మొదటి రోజు నుంచీ అంటున్నాడు. నిజమో కాదో తేల్చడానికి దారి ఉంది. ఆ ఖాతాలోకి ఏ ఫోన్ నుంచి, ఏ ఐపీ నుంచి లాగిన్ అయ్యారు, ఆ సమయంలో ఆ సిమ్ ఏ టవర్ కింద ఉంది, ఏ ఐఎంఈఐ నంబరున్న ఫోన్లో తిరిగింది అని బ్యాంకునూ టెలికం కంపెనీనీ అడిగితే తెలిసిపోతుంది. అడగలేదు. అతను విదేశీయుడు, నల్లగా ఉన్నాడు, మన భాష రాదు. ఆ మూడింటితోనే అందరికీ నమ్మకం కుదిరిపోయింది. స్టేషన్ బయట జనం అన్న మాటలు ఇక్కడ రాయడానికి నాకు మనసొప్పడం లేదు.

చివరికి బెయిల్ వచ్చింది, ఇద్దరు స్థానిక జమానతుదారులతో. ఈ జిల్లాలో ఒక విదేశీ విద్యార్థికి పట్టాదారు పాస్‌బుక్ పెట్టి షూరిటీ ఇచ్చేది ఎవరు? అద్దె ఇంటి ఓనరే అతని సామాను బయట పెట్టించాడు. బెయిల్ ఆర్డర్ చేతిలో పెట్టుకుని జైల్లోనే ఉన్నాడు, నెలల తరబడి. మధ్యప్రదేశ్‌లో ఒక తాపీ మేస్త్రీ సోదరుడి ఆస్తి వేరే జిల్లాలో ఉందని మేజిస్ట్రేట్ జమానతు తిప్పి కొడితే, 1978లోనే జస్టిస్ కృష్ణయ్యర్ మోతీరాం కేసులో అది చెల్లదన్నారు. బెయిల్ వచ్చి నెల దాటినా షూరిటీలు దొరకకపోతే షరతులు సడలించే విషయం కోర్టు తనంతట తానే పరిశీలించవచ్చని 2023 జనవరి 31న సుప్రీంకోర్టు మళ్లీ చెప్పింది. రాజ్యాంగం 21వ అధికరణం పౌరుడు అని రాయలేదు, ఏ వ్యక్తికైనా అని రాసింది. మన దేశపు నేల మీద నిలబడ్డ ప్రతి మనిషికీ అది వర్తిస్తుంది.

ఈ రెండు కేసులూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకచోట భయపెట్టినవాడు ఏ అడ్డూ లేకుండా బయట తిరుగుతున్నాడు. ఇంకోచోట నేరం చేశాడో లేదో తేలని కుర్రాడు లోపల మగ్గుతున్నాడు. రెండింటికీ మూలం ఒకటే. "విదేశీయుడు" అన్న మాట రాసేసి దర్యాప్తు అయిపోయిందనుకోవడం.

పారిపోతాడన్న భయం ఉత్తదని నేను అనడం లేదు. అది నిజమైన భయమే. కానీ దానికి మందు కౌంటర్‌లో రాసే వాక్యం కాదు, చేయాల్సిన పనులు. పాస్‌పోర్టు కోర్టులో డిపాజిట్ చేయించండి. పోయిందని చెప్తే, లేదా అదే ఫోర్జరీ అని అనుమానం ఉంటే, ఆ దేశపు రాయబార కార్యాలయానికి వెంటనే రాయండి. ఎలాగూ విదేశీయుణ్ని అరెస్టు చేసినప్పుడు, అతను కోరితే కాన్సులేట్‌కు తెలపాలన్న వియన్నా ఒప్పందం 1963 నుంచీ ఉంది. ఎస్పీ గారి స్థాయిలో రాస్తే లుకౌట్ సర్క్యులర్ తెరుస్తారు, అది ఉంటే శంషాబాద్‌లోనే కాదు, ఏ విమానాశ్రయంలోనైనా ఇమ్మిగ్రేషన్ కౌంటర్ దగ్గర ఆగిపోతాడు. విదేశీయుడికి బెయిల్ ఇచ్చినప్పుడు ఆ సంగతి విదేశీయుల రిజిస్ట్రేషన్ అధికారికి వెంటనే తెలపమని ప్రభుత్వాన్నో దర్యాప్తు సంస్థనో కోర్టు ఆదేశించాలని సుప్రీంకోర్టు 2025 జనవరి 6న ఫ్రాంక్ వైటస్ కేసులో చెప్పింది. ఆ ఆదేశం ఇమ్మని ప్రాసిక్యూటరే గుర్తు చేయాలి.

అదే కేసులో అంతకు ముందు, 2024 జూలై 8న, గూగుల్ మ్యాప్స్‌లో పిన్ పెట్టి తను ఎక్కడున్నాడో ఎప్పుడూ పోలీసులకు కనపడేలా ఉండాలన్న షరతును కొట్టేశారు. రాయబార కార్యాలయం నుంచి హామీ పత్రం తెస్తేనే బెయిల్ అన్న షరతు కూడా నిలబడలేదు, ఆ పత్రం ఇవ్వడం ఇవ్వకపోవడం నిందితుడి చేతిలో లేదు కాబట్టి. ఆ కేసులోని నైజీరియా దేశస్థుడు అరెస్టయింది 2014లో. ఇది తెలియక ఇప్పటికీ మెమోల్లో పిన్ షరతు అడుగుతున్నారు. పై కోర్టులో పోయే షరతు అడిగే బదులు నిలబడే షరతు అడగండి. బాధితురాలితో నేరుగా గానీ, ఇంకొకరి ద్వారా గానీ, కొత్త ఖాతా నుంచి గానీ సంప్రదించకూడదు. ఆమె ఫొటోలు తన దగ్గర ఏ రూపంలోనూ ఉంచుకోకూడదు, ఎవరికీ పంపకూడదు. వాడే ఫోన్ నంబరు, ఉండే చిరునామా స్టేషన్‌లో ఇవ్వాలి, మారితే ముందే చెప్పాలి. వీటిలో ఏది తప్పినా బెయిల్ రద్దుకు పిటిషన్ వేయడానికి మీకు ఆధారం ఉంటుంది. బడి పేరు మెసేజ్ వచ్చినప్పుడు నాకు ఆ ఆధారమే లేకుండా పోయింది. కొత్త ఫిర్యాదు రాయించి మళ్లీ మొదటి నుంచి తిరగాల్సి వచ్చింది.

సెక్షన్ల దగ్గర కూడా ఒక మాట. ఐటీ చట్టంలో 66సీ (గుర్తింపు దొంగతనం), 66డీ (వేరే వ్యక్తిగా నటించి మోసం), 66ఈ (ప్రైవసీ ఉల్లంఘన) మూడూ మూడేళ్ల శిక్ష ఉన్నవి, 77బీ ప్రకారం బెయిలబుల్. పరువు తీయడానికి చేసే ఫోర్జరీ, అంటే న్యాయ సంహిత 336(4), అదీ బెయిలబులే. ఇవి మాత్రమే రాసి పంపితే ఏ కోర్టైనా బెయిల్ ఇస్తుంది, ఇవ్వాలి కూడా. బ్లాక్‌మెయిల్ చేసి డబ్బు లాగితే 308(2) ఉంది, ఐపీసీలో మూడేళ్లున్న శిక్షను న్యాయ సంహితలో ఏడేళ్లు చేశారు. మోసం కోసం చేసిన ఫోర్జరీకి 336(3). లైంగిక దృశ్యాలు పంపితే ఐటీ చట్టం 67ఏ. జరిగిన దానికి ఏది సరిపోతే అది రాయండి. దీనికి ఉల్టా కూడా చూస్తున్నాను. ఛార్జిషీటుకు 60 రోజులకు బదులు 90 రోజులు దొరుకుతాయని, ఎక్కడా వాల్యుబుల్ సెక్యూరిటీ (ఆస్తి, డబ్బు హక్కుల పత్రం) లేని కేసులో దాని ఫోర్జరీకి వర్తించే 338 తగిలించడం. అది డిఫెన్స్ లాయర్ మొదటి వాయిదాలోనే పట్టుకుంటాడు. నేనైతే పట్టుకుంటాను. అప్పుడు మొత్తం కేసు మీదే కోర్టుకు అనుమానం పుడుతుంది.

ఆ అరవై రోజుల లెక్కలో రిమాండ్ చేసిన రోజే ఒకటో రోజు. 2023లో సుప్రీంకోర్టు త్రిసభ్య ధర్మాసనం ఇది తేల్చేసింది. ఒక్క రోజు తేడాతో పోయిన కేసులున్నాయి. కాబట్టి ఏ పనైనా మొదటి వారంలోనే కావాలి. ఫోన్ ఒకటి సీజ్ చేసి పెట్టుకుంటే ఫొటోలు మన చేతిలో ఉన్నట్టు కాదు. అవి గూగుల్ డ్రైవ్‌లో, టెలిగ్రామ్‌లో, ఇంకో మెయిల్‌లో ఉంటాయి. బయటికి వచ్చిన మనిషి కొత్త ఫోన్ కొని లాగిన్ అయితే చాలు, చెరిపేయనూ వచ్చు, పంచనూ వచ్చు. అందుకే వివరాలు భద్రపరచమని కంపెనీలకు నోటీసు వెళ్లాలి. 2021 ఐటీ నిబంధనల ప్రకారం తీసేసిన సమాచారాన్ని దర్యాప్తు కోసం వాళ్లు 180 రోజులు ఉంచాలి. అదే నిబంధనల్లో, ఇలాంటి ఫొటోల మీద బాధితురాలు ఫిర్యాదు చేస్తే 2 గంటల్లోపు (2026 ఫిబ్రవరికి ముందు 24 గంటలు) తీసేయాలని కూడా ఉంది. ఈ సంగతి ఒక బాధితురాలికి స్టేషన్‌లోనే చెప్పి, అక్కడే కూర్చోబెట్టి ఫిర్యాదు పెట్టించిన ఒక మహిళా కానిస్టేబుల్‌ను నేను చూశాను. ఎవరూ ఆర్డర్ వేయకుండానే చేసింది. ఆ ఒక్క పనితో ఆ అమ్మాయి ఆ రాత్రి అన్నం తిన్నది.

స్క్రీన్‌షాట్ల విషయంలోనూ జాగ్రత్త కావాలి. భారతీయ సాక్ష్య అధినియమం, అంటే కొత్త సాక్ష్య చట్టం, 63వ సెక్షన్ సర్టిఫికెట్‌లో ఇప్పుడు రెండు భాగాలున్నాయి, హ్యాష్ విలువ (ఫైలు మారలేదని చూపే డిజిటల్ గుర్తు) రాయాలి, రెండో భాగం నిపుణుడు నింపాలి. పాత సాక్ష్య చట్టం 65బీ ఫారమే జిరాక్స్ తీసి సంతకం పెట్టి పంపడం ఆపండి.

ప్రాసిక్యూటర్లకు విడిగా ఒక విన్నపం. బెయిల్ పిటిషన్ నోటీసు మీకు అందిన రోజే బాధితురాలికి ఒక ఫోన్ చేయించండి. "అమ్మా, ఫలానా రోజు వాయిదా ఉంది, మీరు చెప్పుకునేది ఏమన్నా ఉందా" అని అడగండి. ఆమెకు కోర్టుకు రావాలని లేకపోవచ్చు. బస్సు దిగి, ఆ మెట్లెక్కి, అందరి ముందూ ఆ ఫొటోల మాట ఎత్తడం ఎవరికైనా నరకమే. అప్పుడు ఆమె మాట రాతలో తీసుకుని కౌంటర్‌తో జత చేయండి. ఆమె దేనికి భయపడుతోందో ఆమెకే బాగా తెలుసు. మగ్గం వర్క్ చేసే ఆవిడను ముందే అడిగి ఉంటే కూతురి బడి సంగతి చెప్పేది. షరతుల్లో ఆ బడి పేరు ఉండేది.

విదేశీ నిందితుడికి భాష తెలిసిన దుబాసీని ఏర్పాటు చేయడం, అరెస్టు కారణాలు అతనికి అర్థమయ్యే భాషలో రాసి ఇవ్వడం కూడా మీ పనే. అది చేయకపోతే అరెస్టే చెల్లకుండా పోయే రోజులివి. అప్పుడు నష్టపోయేది ఫిర్యాదు చేసిన ఆ ఆడమనిషే.

విదేశీ నిందితుడున్న సైబర్ కేసులో బెయిల్ దశలో కోర్టు ముందు పెట్టాల్సిన వివరాలతో ఒక నమూనా మెమో తెలుగులో తయారు చేసి ఉంచాను. పాస్‌పోర్టు, వీసా, లుకౌట్, రిజిస్ట్రేషన్ అధికారికి సమాచారం, ఫోరెన్సిక్ ఎక్కడిదాకా వచ్చింది, బాధితురాలి మాట, కోరే షరతులు, అన్నీ కలిపి రెండు పేజీలు. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ఒక ప్రతి ఇస్తున్నాను. మీకు మార్చాలనిపించింది మార్చుకుని వాడుకోండి. మీరు పిలిస్తే ఏ శనివారమైనా వచ్చి మీతో, మీ స్టేషన్ రైటర్లతో కూర్చుంటాను. నల్లగొండ అయినా, మిర్యాలగూడ అయినా, పాలమూరు అయినా సరే.

ఇట్లు,
మీతో కలిసి పనిచేసే ఒక న్యాయవాది,
నల్లగొండ